"సెట్" అనే ఒక్క మాటకి అన్ని అర్థాలా, ఎలా గుర్తుపెట్టుకోవాలి?

మీరు అడిగింది ఇది: ఇంగ్లీష్‌లో "సెట్" అనే మాటకి డిక్షనరీలో నాలుగొందల పైచిలుకు అర్థాలున్నాయని విన్నారు, అన్నీ గుర్తుపెట్టుకోవడానికి ఏదైనా లిస్టు ఉందా అని. ఈమధ్య మీకు ఎదురైన మూడు వాక్యాలు కూడా ఇచ్చారు. "ద కోర్ట్ సెట్ అసైడ్ ద ఆర్డర్", "అలౌ ఇట్ టు సెట్ ఫర్ ట్వెంటీఫోర్ అవర్స్", "ప్రైసెస్ ఆర్ సెట్ టు రైజ్". మూడింట్లోనూ తెలియని మాట ఒక్కటీ లేదు, అయినా అర్థం చిక్కట్లేదు అన్నారు.

సూటిగా చెప్పేస్తా. లిస్టు పెట్టుకుని బట్టీ పట్టకండి, అది పని చేయదు. ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీష్ చెప్తున్నా, దాంతోపాటే అనువాదాలూ చేస్తున్నా, లిస్టు చదివి "సెట్" వాడటం నేర్చుకున్నవాళ్లని నేను ఇంతవరకు ఒక్కరినీ చూడలేదు. పనికొచ్చే దారి ఒకటుంది. ఆ మాటకి మూలంలో ఉన్న ఒక్క బొమ్మ పట్టుకోవాలి, ఆ తర్వాత దాని పక్కన ఏ మాట కూర్చుందో చూడాలి. అర్థం "సెట్" లో కంటే ఆ పక్క మాటలోనే ఎక్కువ ఉంటుంది.

ఇది కొత్త విద్యేమీ కాదు, మన "పెట్టు" తో మీరు పుట్టినప్పట్నుంచీ చేస్తున్నదే. దీపం పెట్టు, పేరు పెట్టు, ముద్దు పెట్టు, కేసు పెట్టు, సంతకం పెట్టు, గుడ్లు పెట్టు, పరుగు పెట్టు, కన్నీళ్లు పెట్టు, మొదలుపెట్టు, వదిలిపెట్టు, భయపెట్టు. వీటిలో "పెట్టు" కి అర్థం ఏంటని ఎవరైనా అడిగితే చెప్పగలరా? దీపం పెట్టడం అంటే వెలిగించడం, పేరు పెట్టడం అంటే పిలుపు ఖాయం చేయడం, కన్నీళ్లు పెట్టడం అంటే ఏడవడం. కానీ ఏ తెలుగువాళ్లూ "పెట్టు" కి ఉన్న అర్థాల లిస్టు చదివి నేర్చుకోలేదు, దీపం అనగానే పెట్టు అనేది దాని వెనకే వచ్చేస్తుంది. "సెట్" కూడా అచ్చం ఇలాంటిదే. నా క్లాసులో మొదటి రోజు నేను చేయించే పని కూడా ఇదే, ముందు "పెట్టు" తో ఇరవై వాక్యాలు రాయిస్తా, ఆ తర్వాతే "సెట్" జోలికి వెళ్తాం. అప్పటికే సగం భయం పోతుంది.

మీరు విన్న నాలుగొందల సంగతి నిజమే, కాకపోతే పాత లెక్క. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో, అది 20 సంపుటాలు, అన్నిటికంటే పొడవైన ఎంట్రీ "సెట్" అనే క్రియదే. ఒట్టి క్రియకే 430 అర్థాలు, సెట్ అప్, సెట్ ఆఫ్ లాంటివి కూడా కలిపితే 580 దాకా, వాటిని వివరించడానికే 60,000 మాటలు పట్టింది. ఆ తర్వాత మూడో కూర్పు కోసం సవరిస్తూ వస్తుంటే 2000లో "మేక్", 2007లో "పుట్", 2011లో "రన్" ఆ రికార్డుని దాటాయి, "రన్" కి 645 అర్థాలు తేలాయి. ఈ అంకెలు చూసి కంగారు పడక్కర్లేదు. డిక్షనరీ వాళ్లు ఎప్పుడో వాడకం పోయిన అర్థాలు కూడా లెక్కేస్తారు, ఒకే అర్థంలో సన్నని తేడాలుంటే వాటినీ విడగొడతారు. రోజువారీ చదువులో, పనిలో తగిలేవి నా అంచనాలో ముప్పై నలభై మించవు.

ఇప్పుడు ఆ మూల బొమ్మ దగ్గరికి వద్దాం. "సెట్" అనేది "సిట్" కి ప్రేరణ రూపం. సిట్ అంటే కూర్చో, సెట్ అంటే కూర్చోబెట్టు. పాత ఇంగ్లీష్‌లో సిట్టన్, సెట్టన్ అని రెండుండేవి. ఇలాంటి జంటలు ఇంగ్లీష్‌లో ఇంకొన్ని మిగిలాయి, లై అంటే పడుకో, లే అంటే పడుకోబెట్టు, రైజ్ అంటే పైకి లేవడం, రేజ్ అంటే పైకి లేపడం. "సెటిల్" కూడా ఈ కుటుంబమే, కూర్చునే చోటుకి పాత ఇంగ్లీష్‌లో సెట్ల్ అనేవాళ్లు, అందులోంచి వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే సంస్కృతంలో కూర్చోవడం అనే అర్థమున్న "సద్" ధాతువు, దానికీ దీనికీ మూలం ఒకటే. అంటే మనం రోజూ అనే సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు అన్నీ "సెట్" కి దూరపు చుట్టాలే. ఈ సంగతి చెప్పాక పిల్లలు ఆ మాటని చూసే చూపే మారిపోవడం చాలాసార్లు గమనించా.

కాబట్టి బొమ్మ ఏంటంటే, ఒకదాన్ని తీసుకెళ్లి, అది ఉండాల్సిన తీరులో, కదలకుండా కూర్చోబెట్టడం. ఒట్టిగా పెట్టడం కాదు. ఆ తేడా "పుట్" పక్కన పెడితే బాగా కనిపిస్తుంది. "పుట్ ద క్లాక్ ఆన్ ద టేబుల్" అంటే గడియారాన్ని బల్ల మీద పెట్టమని, చోటు మారింది అంతే. "సెట్ ద క్లాక్" అంటే దాని ముల్లు ఎక్కడుండాలో అక్కడికి తెచ్చి నిలపమని. ఎముక సెట్ చేయడం, ఉచ్చు సెట్ చేయడం, తేదీ సెట్ చేయడం, లక్ష్యం సెట్ చేయడం, రికార్డు సెట్ చేయడం, అన్నిట్లోనూ ఉన్నది అదే, ఒకటి కుదురుగా ఒక స్థితిలోకి వచ్చింది. తెలుగులోకి తెచ్చేటప్పుడు మాత్రం పక్కనున్న మాటని బట్టి మన క్రియ మారుతుంది. ఎముక అతికించేలా సరిచేస్తాం, ఉచ్చు పన్నుతాం, తేదీ ఖాయం చేస్తాం, రికార్డు నెలకొల్పుతాం, పాటకి బాణీ కడతాం, తెరచాప ఎత్తుతాం.

ఒక్కచోట మాత్రం రెండు భాషలూ తమంతట తాము ఒకే చోటికి వచ్చాయి, ఇది నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. ఉంగరంలో రాయిని ఇంగ్లీష్‌లో సెట్ చేస్తారు, మనం పొదుగుతాం. కోడిని గుడ్ల మీద పిల్లల కోసం కూర్చోబెట్టడాన్ని కూడా ఇంగ్లీష్‌లో సెట్ అంటారు, మన కోడి కూడా గుడ్లని పొదుగుతుంది. రాయికీ గుడ్డుకీ ఉన్న పోలిక ఏంటో ఒక్కసారి కళ్లకి కట్టుకోండి, రెండూ చుట్టూ పట్టు ఉన్న గుంటలో కదలకుండా ఒదిగి కూర్చున్నాయి. ఇంగ్లీష్ వాడు కూర్చోబెట్టడం వైపు నుంచి చూశాడు, మనం ఒదగడం వైపు నుంచి చూశాం, చూసిన దృశ్యం ఒకటే.

సరే, ఎక్కువమంది తడబడేది ఇక్కడ: సెట్ వెనక కర్మ ఉందా లేదా. తెలుగులో మనకి రెండు వేరు వేరు రూపాలుంటాయి, నిలబెట్టు, నిలబడు, భయపెట్టు, భయపడు, స్థిరపరచు, స్థిరపడు. ఎవరో చేస్తే ఒకటి, దానంతటది అయితే ఇంకొకటి. ఇంగ్లీష్‌లో "సెట్" రెండు పనులూ తనే చేస్తుంది. "షి సెట్ ద టేబుల్" లో ఆవిడ బల్ల సర్దింది, కర్మ ఉంది, ఇది "-పెట్టు" రకం. "ద సన్ సెట్స్" లో సూర్యుణ్ని ఎవరూ ఏమీ చేయలేదు, తనే వెళ్లి కూర్చున్నాడు, ఇది "-పడు" రకం. పాత ఇంగ్లీష్‌లో అస్తమయాన్ని సెట్ల్‌గాంగ్ అనేవాళ్లు, అంటే పీఠానికి వెళ్లడం, పొద్దు వాలింది అని మనం అన్నట్టే వాళ్లకి పొద్దు కూర్చుంది.

మీ రెండో వాక్యం, "అలౌ ఇట్ టు సెట్", ఈ "-పడు" రకమే. మీరు అది ఒక జిగురు డబ్బా మీద చూశానన్నారు కదా. చాలామంది దీన్ని "ఆరనివ్వండి" అని అనువదిస్తారు, నేను సరిచేయడానికి వచ్చే కాగితాల్లో ఎక్కువసార్లు కనిపించే తప్పుల్లో ఇదొకటి. సెట్ అవడం ఆరడం కాదండి. రెండు ట్యూబుల్లో వచ్చే ఎపాక్సీ జిగురు తీసుకోండి, ఒకదాంట్లో రెజిన్, ఇంకోదాంట్లో హార్డెనర్, రెండూ కలిపితే రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది, అందులోంచి నీరు ఆవిరైపోయేదేమీ లేదు. సిమెంట్ అయితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కాంక్రీట్ పోసిన కొన్ని గంటలకి సెట్ అవుతుంది, వేలితో నొక్కితే దిగదు, కానీ ఆ తర్వాతే దానికి రోజుల తరబడి నీళ్లు పెడతారు, ఎందుకంటే సిమెంట్ గట్టిపడేది నీటితో కలిసి జరిగే చర్య వల్లే, అది ఎండిపోతే బలం రాదు, పూర్తి బలం లెక్క చూసేది కూడా 28 రోజులకి. అలాంటి చోట "ఆరనివ్వండి" అని రాస్తే చదివినవాళ్లు నీళ్లు పెట్టడం మానేసి ఎండబెడతారు, పని మొత్తం పాడవుతుంది. "గట్టిపడనివ్వండి" లేదా "బిగుసుకోనివ్వండి" అని రాయాలి. మీ వాక్యానికి అర్థం ఇరవైనాలుగు గంటలు కదపకుండా బిగుసుకోనివ్వమని.

ఇంకో చిన్న విషయం, చిన్నదే కానీ చదివేటప్పుడు మోసం చేస్తుంది. సెట్ కి మూడు రూపాలూ ఒకటే, సెట్, సెట్, సెట్. "సెట్టెడ్" అనేది లేదు. అందుకని "హి సెట్ ద అలారం" అని కనిపిస్తే అది జరిగిపోయిన పని, ఎందుకంటే ఇప్పటి పనైతే "సెట్స్" అని చివర ఎస్ ఉండాలి. ఆ ఒక్క అక్షరం లేకపోవడమే కాలం చెప్తుంది.

ఇక వెనక వచ్చే అప్, ఆఫ్, ఇన్, అసైడ్ లాంటి చిన్న మాటల సంగతి. వీటిని మాత్రం జంటగానే నేర్చుకోవాలి, వేరే దారి లేదు. సెట్ అప్ అంటే ఏర్పాటు చేయడం, మనిషి మీద వాడితే కావాలని ఇరికించడం కూడా. సెట్ ఆఫ్ అంటే బయల్దేరడం, బాణసంచా అయితే పేల్చడం, అలారం అయితే మోగేలా చేయడం. సెట్ అవుట్ కూడా బయల్దేరడమే కానీ ఒక ఉద్దేశంతో బయల్దేరడం, రిపోర్టులో అయితే వివరంగా చెప్పడం. సెట్ బ్యాక్ అంటే వెనక్కి లాగడం.

"సెట్ ఇన్" గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది డిక్షనరీ అర్థంతో దొరకదు. అర్థం చూస్తే "మొదలై పాతుకోవడం" అని ఉంటుంది, బానే ఉంది, దాంతో ఒక విద్యార్థి "హ్యాపీనెస్ హాస్ సెట్ ఇన్" అని రాశాడు. వ్యాకరణం తప్పు కాదు, కానీ ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లకి చెవిలో రాయి పడ్డట్టుంటుంది. సెట్ ఇన్ కి ముందు ఎక్కువగా వచ్చేవి కుళ్లు, ఇన్‌ఫెక్షన్, నిరాశ, భయం, చలికాలం. 1980లలో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో కంప్యూటర్లలో లక్షల కొద్దీ మాటలున్న పాఠాలు పెట్టుకుని పరిశోధించిన జాన్ సింక్లెయిర్ దీన్ని గమనించి చెప్పాడు, ఈ జంట పక్కన దాదాపు ఎప్పుడూ అక్కర్లేని విషయాలే వస్తున్నాయని. మనకి "దాపురించింది" ఎలాగో అలా. కష్టాలు దాపురిస్తాయి, దరిద్రం దాపురిస్తుంది, అదృష్టం దాపురించింది అని ఎవరూ అనరు కదా. సెట్ ఇన్ ని "దాపురించు" పక్కన గుర్తుపెట్టుకోండి, ఇక తప్పు వాడరు.

మీ మొదటి వాక్యం, "ద కోర్ట్ సెట్ అసైడ్ ద ఆర్డర్". దీని మీద నాకు సొంత అనుభవం ఉంది. అనువాదాలు మొదలుపెట్టిన కొత్తలో ఒక కేసు కాగితాల్లో సరిగ్గా ఈ మాటే వస్తే "ఆ ఉత్తర్వును న్యాయస్థానం పక్కన పెట్టింది" అని రాశా. సెట్ అసైడ్ అంటే పక్కన పెట్టు, మాటకి మాట సరిపోయింది అనుకున్నా. సరిచూసిన వకీలుగారు ఫోన్ చేసి, "పక్కన పెట్టడం అంటే తర్వాత చూద్దాం అని వాయిదా వేసినట్టు అర్థమవుతుంది, ఇక్కడ ఆ ఉత్తర్వు ఇక చెల్లదు, కొట్టేశారు, మీరు రాసింది చదివితే నా క్లయింటు ఇంకా ఆ ఉత్తర్వు బతికే ఉందనుకుంటాడు" అన్నారు. ఆ రోజు నుంచి కోర్టు మాటల్లో సెట్ అసైడ్ కనపడితే రద్దు చేసింది, కొట్టేసింది అని తప్ప ఇంకోలా రాయను. అదే మామూలు వాడకంలో "సెట్ అసైడ్ సమ్ టైమ్" అంటే కొంత టైమ్ విడిగా ఉంచుకోవడం, "లెట్స్ సెట్ అసైడ్ అవర్ డిఫరెన్సెస్" అంటే గొడవలు పక్కన పెడదాం. మాట అదే, కోర్టు గుమ్మం దాటితే బరువు మారిపోయింది.

నామవాచకంగా వచ్చే "సెట్" వేరే కథ, దీన్ని కలిపేస్తే గందరగోళం. వస్తువుల గుంపు, జత అనే అర్థంలో ఉన్న సెట్ పుట్టుకలోనే వేరే మాట, లాటిన్‌లో "సెక్టా" నుంచి పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, ఒకరి వెంట నడిచే మనుషుల గుంపు అని దానికి అర్థం, "సెక్ట్" అనే మాట దీని తోబుట్టువే. రెండూ ఒకేలా పలకడంతో కాలక్రమంలో ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంది. లెక్కల్లో సమితిని సెట్ అంటాం కదా, 1870లలో ఆ సిద్ధాంతానికి పునాది వేసిన జార్జ్ కాంటర్ జర్మన్‌లో దాన్ని "మెంగె" అన్నాడు, ఇంగ్లీష్‌లో సెట్ స్థిరపడింది. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి ఈ రెండు సెట్లూ ఒకే ఫైల్లో కనిపిస్తాయి. జావాలో "హ్యాష్‌సెట్" అనేది గుంపు, ఒకే విలువ రెండోసారి వేస్తే ఉంచుకోదు. "సెట్‌నేమ్" లో ఉన్న సెట్ క్రియ, పేరుని ఒక విలువ దగ్గర కూర్చోబెట్టు అని. కొత్తగా కోడింగ్ నేర్చుకునే ఒకమ్మాయి ఈ రెండూ ఒకటే అనుకుని వారం రోజులు తికమకపడి నా దగ్గరికి వచ్చింది, ఒకటి సమితి, ఒకటి పెట్టు అని చెప్పగానే తేలిపోయింది. వాలీబాల్‌లో కూడా అంతే, 25 పాయింట్ల ఆట ఒక సెట్, స్మాష్ కొట్టేవాడికి బంతిని అందేలా పైకి లేపడం కూడా సెట్.

ఇంకొకటి, మనం తెలుగులో వాడే "సెట్" ని ఇంగ్లీష్‌లోకి మోసుకెళ్లకండి. ఆ మాటని మనం తెచ్చుకుని మన ఇష్టానికి పెంచుకున్నాం, అందులో తప్పేం లేదు, భాషలన్నీ అలాగే చేస్తాయి. కానీ "ఆ చొక్కా నీకు సెట్ అయింది" అంటే ఇంగ్లీష్‌లో సూట్స్ యూ, "వాళ్లిద్దరికీ సెట్ అవదు" అంటే దే డోంట్ గెట్ అలాంగ్, "ఫోన్ సెట్ అయింది" అంటే ఫిక్స్‌డ్, "జాబ్ సెట్ అయింది" అంటే ఐ గాట్ ఎ జాబ్. వీటిలో ఒక్కచోట కూడా ఇంగ్లీష్ వాడు సెట్ అనడు. "పెళ్లి సెట్ అయింది" కూడా కుదరదు, కానీ పెళ్లి తేదీకి మాత్రం "ద డేట్ ఈజ్ సెట్" అనొచ్చు. ఇంటర్వ్యూల్లో "మై మ్యారేజ్ ఈజ్ సెట్", "దిస్ జాబ్ సెట్స్ మీ" లాంటివి వింటుంటా, అవతలివాళ్లకి నిజంగా అర్థం కాదు.

నేర్చుకునే పద్ధతి అడిగారు కాబట్టి, నేను చేయించేది ఇది. ఒక నోటుబుక్కు పెట్టుకోండి, "సెట్" ఎక్కడ కనిపించినా ఆ ఒక్క మాట కాదు, వాక్యం మొత్తం రాసుకోండి. దాని కింద మీకు తోచిన తెలుగు క్రియ రాయండి, "సెట్" అని మాత్రం రాయకూడదు, పన్నడం, పొదగడం, కుంకడం, బిగుసుకోవడం, ఏదో ఒక సొంత మాట వెతకాలి. ఆ వెతుకులాటలోనే అర్థం బుర్రలోకి దిగుతుంది. నెల తిరిగేసరికి నలభై వాక్యాలు పోగవుతాయి, మీకు నిజంగా తగిలినవి, వేరే ఎవరి లిస్టూ అక్కర్లేదు.

ఇక మిగిలింది మీ మూడో వాక్యం, "ప్రైసెస్ ఆర్ సెట్ టు రైజ్". మీరు దీన్ని "ధరలు పెంచాలని నిర్ణయించారు" అని అర్థం చేసుకున్నానన్నారు. కాదండి, ఇక్కడ ఎవరూ ఏదీ నిర్ణయించలేదు. వార్తల్లో "సెట్ టు" వస్తే అంతా సిద్ధంగా ఉంది, జరగబోతోంది అని, పరుగు పందెంలో "రెడీ, సెట్, గో" అన్నప్పుడు మధ్య మాట ఉంది చూడండి, కాలు గీత మీద ఆనించి ఊపిరి బిగబట్టి ఉన్న ఆ క్షణం, అదే ఇది. ధరలు పెరగబోతున్నాయి, అంతే. అయితే "ద అలారం ఈజ్ సెట్ టు రింగ్ ఎట్ సిక్స్" అంటే మాత్రం ఎవరో దాన్ని ఆరింటికి పెట్టారు అని. వాక్యం అల్లిక ఒకటే. అలారానికి తిప్పే మర ఉంది, దాన్ని తిప్పే మనిషి ఉన్నాడు, ధరలకి అలాంటి మర లేదు. ఇలాంటి వాక్యం ఎదురైనప్పుడు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి, దీన్ని ఎవరైనా చేత్తో తిప్పి పెట్టగలరా అని. పెట్టగలిగితే "పెట్టారు", లేకపోతే "జరగబోతోంది". మీకు తగిలిన వాక్యాలు ఇంకా ఉంటే కింద రాయండి, ఒక్కోటి చూసి చెప్తా.